వరదలో తడిసిన డాక్టరు గారి నిలువెత్తు పటం: మోకాళ్ళ కాడికి కోసేయమంటున్నారు, సలహా కావాలి

కర్నూలు మనవరాలు (కర్నూలు)

అందరికీ నమస్కారం. మా తాత డాక్టరు. కర్నూలు పెద్దాసుపత్రిలో పనిచేసి, తర్వాత వన్‌టౌన్‌లో మా పాత ఇంటి ముందు గదిలోనే రోగుల్ని చూసేవారు. 1955లో, కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్నప్పుడు, ఆయన చేతిలో బాగైన వాళ్ళు కొందరు చందాలు వేసుకుని ఆయన నిలువెత్తు పటం నూనె రంగుల్లో గీయించి తెచ్చి ఇచ్చినారు. ఆరున్నర అడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు. తాత నిలబడి ఉంటారు. నల్ల కోటు, తెల్ల పంచె, తలపాగా. కుడి చెయ్యి కుర్చీ మీద ఆనించి ఉంటుంది. ఎడమ కాలి పక్కన నేల మీద తోలు సంచి. జట్కాలో పల్లెలకు పోయేటప్పుడు మందులు పెట్టుకునే సంచి అది.

2009 అక్టోబరు 2 వరద గురించి కర్నూలు వాళ్ళకు చెప్పే పని లేదు. హాల్లోకి వచ్చిన నీళ్ళు పటంలో తాత మోకాళ్ళ దాకా నిలిచినాయి. నీళ్ళు తీసినాక ఇంట్లో వాళ్ళు తడిగుడ్డతో బురద తుడిచి, మిద్దె మీద ఎండకు పెట్టినారు. మోకాళ్ళ పైన పటం పచ్చబడిపోయింది కానీ ముఖం బాగానే తెలుస్తుంది. కింద మాత్రం రంగు పెచ్చులు లేచింది. అక్కడక్కడా గుడ్డ బయటపడింది. సంచి సగం పోయింది. అప్పటి నుంచి దుప్పటి కప్పి బీరువా వెనక పెట్టినాం.

ఇప్పుడు ఇల్లు అమ్ముతున్నాం. పటాలు కట్టే ఒకాయన వచ్చి చూసి, మోకాళ్ళ కాడికి కోసి కొత్త ఫ్రేము కడితే అపార్ట్‌మెంటు గోడకు సరిగ్గా సరిపోతుంది అన్నాడు. చిన్నాన్నకు ఆ మాట నచ్చింది. ఇంకో మాట కూడా అంటున్నారు: అంత పాడైనాక దీన్నే మొత్తం మళ్ళీ గీయించి, తెల్లకోటు, స్టెతస్కోపు పెట్టిస్తే చూసిన వాళ్ళకు డాక్టరని వెంటనే తెలుస్తుందని. మా అత్త, తాత పెద్ద కూతురు, రెండిటికీ ఒప్పుకోవడం లేదు. నాకూ మనసొప్పడం లేదు. కానీ ఇంట్లో పదిమంది ముందు మాట్లాడాలంటే మనసొప్పడం లేదంటే చాలదు, కారణం చెప్పాలి. తెలిసినవాళ్ళు చెప్పండి.

రంగులపెట్టె (అనంతపురం)

అమ్మా, కోయనివ్వొద్దు. నేను బళ్ళో డ్రాయింగు చెప్పి రిటైరైనాను. సొంతంగా పోర్ట్రెయిట్లు వేస్తాను.

నిలువెత్తు పటం వేసేవాడు ముందు కాళ్ళు ఎక్కడ ఆనాలో చూసుకుంటాడు. ఏ కాలి మీద బరువుంది, నడుము ఎటు ఒరిగింది, భుజం ఎంత దిగింది, ఇవన్నీ పాదాల నుంచే పైకి లెక్క కడతాడు. మీ తాతగారు కుర్చీ మీద చెయ్యి ఆనించినారంటే బరువు ఒక కాలి మీద పడి ఉంటుంది. కింద నేల తీసేస్తే ఆ చెయ్యి ఎందుకట్లా ఉందో అర్థం కాదు. మనిషి ఏదో పట్టుకుని వేలాడుతున్నట్టు కనిపిస్తాడు. ముఖం దాకానో, ఛాతీ దాకానో వేయాలనుకున్న చిత్రకారుడు అసలు వేరే కొలతలతో మొదలుపెడతాడు. తలకు పైన ఎంత ఖాళీ వదలాలి అన్నది కూడా మారిపోతుంది. మీది కోస్తే తల మీద అంత ఆకాశం మిగిలి, కింద మోకాళ్ళు ఫ్రేముకు తగులుతాయి.

ఇంకొకటి. కింది మూలల్లో చిత్రకారుడి సంతకం ఉందా? సెల్ టార్చి పటానికి పక్క నుంచి, గోడ వెంబడి పడేట్టు ఏటవాలుగా వేసి చూడండి. ఎదురుగా వేస్తే తెలియదు.

ఫ్రేముల వీధి (నంద్యాల)

నమస్తే మేడమ్. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. ఆ ఫ్రేము కట్టే ఆయన తప్పు మాట చెప్పినాడని నేను అనను. మా దగ్గరికి వచ్చే పాత పటాలు పదింట్లో ఎనిమిది బీరువా వెనకే చచ్చిపోతాయి. చెదలు, ఎలకలు, తేమ. బాగు చేయించుదాం బాగు చేయించుదాం అంటూనే ఒక తరం గడిచిపోతుంది. కోసినా సరే, గోడ మీదికి ఎక్కిన పటం రోజూ కంటికి కనపడుతుంది, పిల్లలు మా ముత్తాత అని చూపిస్తారు. మూసిపెట్టిన నిలువెత్తు పటం కంటే గోడ మీదున్న సగం పటం మేలని నా అభిప్రాయం. నిజంగా బాగు చేయించే ఓపిక, డబ్బు ఉంటే మాత్రం కోయొద్దు. అది ముందు తేల్చుకోండి.

పాత హౌస్‌సర్జన్ (కర్నూలు)

నేను కర్నూలు వైద్య కళాశాలలో చదివినవాణ్ణి. ఆ కాలేజీ 1957లో మొదలైంది, అంటే మీ తాతగారి పటం దానికంటే పాతది. కాలేజీ రాకముందు ఈ జిల్లాలో వైద్యం చేసినవాళ్ళ ఆనవాళ్ళు ఎంత తక్కువ మిగిలినాయో మీకు తెలిస్తే, ఈ పటం మీద కత్తెర పెట్టే ఆలోచన ఎవరికీ రాదు.

తెల్లకోటు సంగతి చెప్తాను. డాక్టర్ల చిత్రాలంటే నాకు మొదటి నుంచీ ఇష్టం. అమెరికాలో థామస్ ఈకిన్స్ అనే ఆయన 1875లో శామ్యూల్ గ్రాస్ అనే సర్జన్ను వేసినాడు. ఎనిమిదడుగుల ఎత్తు. తొడ ఎముకకు చీము పట్టి, చచ్చిపోయిన ఎముక ముక్క తీసే ఆపరేషన్. గ్రాస్ నల్లటి కోటులోనే నిలబడి ఉంటాడు, చేతి మీద నెత్తురు, చుట్టూ ఉన్నవాళ్ళంతా మామూలు బట్టల్లోనే. మరుసటేడు ఫిలడెల్ఫియాలో పెద్ద ప్రదర్శన జరిగితే కళల విభాగం వాళ్ళు ఇది మాకొద్దన్నారు. సైన్యం వాళ్ళు ఏర్పాటు చేసిన నమూనా ఆసుపత్రి గదిలో వేలాడదీసినారు. అదే ఈకిన్స్ 1889లో ఇంకో సర్జన్ అగ్నూను వేసినాడు. అందులో అందరూ తెల్లబట్టలే. ఆ 14 ఏళ్ళలో క్రిములంటే ఏమిటో, శుభ్రత ఎందుకో సర్జన్లకు తెలిసి వచ్చింది. రెండు పటాలు పక్కపక్కన పెడితే ఆ మార్పు చదవకుండానే కనిపిస్తుంది. ఎవరో ముచ్చటపడి గ్రాస్ కోటు తెల్లగా చేసి ఉంటే మనకు ఆ సంగతి పోయేది. మీ తాతగారు 1955లో కర్నూల్లో నల్లకోటు, పంచె, తలపాగాతో రోగుల ముందు నిలబడినారు. అదొక సాక్ష్యం.

స్టెతస్కోపు లేకపోతే డాక్టరని తెలియదంటున్నారు కదా. పారిస్‌లో శామ్యూల్ పోజీ అనే ఆయన ఉండేవాడు. స్త్రీల వ్యాధుల శస్త్రచికిత్సకు ఫ్రాన్స్‌లో ఆయనే పెద్ద. 1901లో ఆ శాస్త్రానికి అక్కడ మొదటి ఆచార్య పీఠం ఆయనకోసమే ఏర్పడింది. 1876లో స్కాట్లండు పోయి లిస్టర్ అనే సర్జన్ను కలిసి, గాయాలు కుళ్ళకుండా చేసే పద్ధతి నేర్చుకుని వచ్చినాడు. 1881లో సార్జెంట్ అనే కుర్ర చిత్రకారుడు, అప్పటికి పాతికేళ్ళ వాడు, ఆయన్ను నిలువెత్తున వేసినాడు. ఆరడుగులు దాటిన పటం. ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌లో హామర్ మ్యూజియంలో ఉంది. అందులో పోజీ ఒంటి మీద ఉన్నది ఇంట్లో వేసుకునే ఎర్రటి పొడుగు అంగీ. వెనక తెర ఎరుపు, నేల ఎరుపు. మందు సీసా లేదు, కత్తి లేదు, పుస్తకం లేదు. ఉన్నవల్లా రెండు చేతులు. ఒకటి ఛాతీ మీద, ఇంకొకటి నడుము తాడు మీద. పొడుగాటి సన్నటి వేళ్ళు. సర్జన్ అని ఆ వేళ్ళే చెప్తాయి. ఆ ఎర్ర అంగీ కింద అంచు దాకా జారి, అక్కడ చెప్పు మొన కొంచెం బయటికి కనిపిస్తుంది. ఆ మొన లేకపోతే ఆ మనిషి నేల మీద నిలబడినట్టే ఉండడు.

ఆయన చివరి రోజు కూడా చెప్పి ముగిస్తాను. 1918లో పాత రోగి ఒకడు కన్సల్టింగ్ గదికి వచ్చి కాల్చి చంపినాడు. ఈ వృత్తిలో ఉన్న ఎవరికైనా ఆ సంగతి తెలిసినాక ఆ పటం వేరేగా కనిపిస్తుంది.

మీ తాతగారి చేతులు పటంలో బాగున్నాయా? వాటి సంగతి రాయండి.

బురుజు కింద (కర్నూలు)

2009లో మాదీ అదే కథ. పెళ్ళి ఫోటోలు, మా నాయన సర్టిఫికెట్లు అన్నీ ముద్దైపోయినాయి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన నీళ్ళు అవి, వెనక్కి తన్ని తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్ళోకి వచ్చినాయి. మా వీధిలో గోడల మీద నీళ్ళ గీత ఇంకా ఉంది. మీ పటం బతికింది, దాన్ని వదలొద్దక్కా. ఫోటో పెట్టగలరా?

పూతల పరిరక్షణ (హైదరాబాదు, సొంతూరు ప్రొద్దుటూరు)

చిత్రాల పరిరక్షణే నా ఉద్యోగం. పటం చూడకుండా ఎంత బాగవుతుందో చెప్పలేను. ఏం జరిగిందో మాత్రం చెప్పగలను, ఎందుకంటే తడిసి ఎండలో ఆరిన పటాలన్నిటికీ ఒకే జబ్బు.

నూనె పటంలో చాలా పొరలుంటాయి. అడుగున గుడ్డ. గుడ్డ మీద జిగురు, పశువుల తోళ్ళు ఉడికించి తీసింది. దాని మీద తెల్ల పూత. ఆ పైన రంగులు. అన్నిటికీ పైన వార్నిష్. నీళ్ళు వచ్చినప్పుడు ముందున్న రంగును అంత తొందరగా దాటలేవు. వెనక నుంచి గుడ్డలోకి ఎక్కుతాయి. పోగులు నీళ్ళు తాగి లావెక్కుతాయి, దాంతో గట్టిగా నేసిన గుడ్డ పొడవు వెడల్పుల్లో కుంచించుకుపోతుంది. లోపలి జిగురు మెత్తబడి పట్టు వదిలేస్తుంది. పైనున్న రంగు ఏళ్ళ తరబడి గట్టిపడి ఉంది, అది కుంచించుకోలేదు. కింద చోటు తగ్గింది, పైన రంగు తగ్గలేదు, ఇంకేం చేస్తుంది? గుడారంలాగా పైకి లేస్తుంది. అప్పుడు తడిగుడ్డతో తుడిస్తే లేచిన చోటల్లా విరుగుతుంది. ఎండలో పెడితే ఆరడం మరీ వేగంగా జరిగి మిగిలింది కూడా లేస్తుంది. మీ ఇంట్లో వాళ్ళను తప్పు పట్టడం లేదు, ఊరంతా మునిగిన రోజున ఎవరైనా అదే చేస్తారు.

పైభాగం పచ్చబడింది అన్నారు. అది చాలావరకు వార్నిష్ ముదిరి ఉంటుంది, చెట్టు బంకతో చేసిన వార్నిషులన్నీ ఏళ్ళు గడిచేకొద్దీ పచ్చబడతాయి. దాన్ని జాగ్రత్తగా తీస్తే కింద తాతగారి అసలు రంగులు దొరకవచ్చు.

ఇవాళే చేయండి: పటాన్ని బీరువా వెనక నుంచి తీసి, మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టండి. నిలబెట్టి ఉంచితే లేచిన పెచ్చులు రాలుతూనే ఉంటాయి. బీరువా వెనక నేల ఊడ్చే ముందు వెతకండి, రాలిన పెచ్చులు దొరికితే ఒక్కొక్కటి కాగితం కవర్లో వేసి, ఎక్కడ దొరికిందో రాయండి. సెల్లోటేపు, ఫెవికాల్ దగ్గరికి రానీయొద్దు. కొబ్బరినూనె రాస్తే మెరుస్తుందని, ఉల్లిపాయతోనో ఆలుగడ్డతోనో రుద్దితే మురికి పోతుందని ఎవరైనా చెప్తే వినొద్దు. ఆ నూనె లోపల దిగి మురికిని పట్టి ఉంచుతుంది, ఆలుగడ్డ పిండి బూజుకు తిండి అవుతుంది.

కర్నూలు మనవరాలు

ఇంతమంది ఇంత ఓపికగా రాసినందుకు చాలా థాంక్స్. మా అత్తకు అన్నీ చదివి వినిపించినాను.

రంగులపెట్టె గారూ, టార్చి వేసి చూసినాం. కుడివైపు కింది మూలలో, బురద మరక కింద, సంతకం ఉంది! పేరు సగం రాలిపోయింది. చివర మదరాసు అనీ, 1955 అనీ మాత్రం స్పష్టంగా ఉంది. ఇన్నేళ్ళూ ఎవరం చూడలేదు. మా అత్తకు గుర్తున్నదల్లా ఒక సన్నటి మనిషి రైల్లో వచ్చినాడని, తాత రోగుల్ని చూస్తుంటే మూల స్టూలు మీద కూర్చుని పెన్సిలుతో చేతులు మళ్ళీ మళ్ళీ గీసుకున్నాడని.

డాక్టరు గారూ, చేతులు చాలా బాగున్నాయి. కుడిచేతి చూపుడు వేలు కొంచెం వంకర. నిజంగానే తాత వేలు అట్లాగే ఉండేదట. చిత్రకారుడు సరిచేయకుండా వంకరగానే వేసినాడు.

పెచ్చులు కొన్ని దొరికినాయి. రెండిటి మీద గోధుమరంగు ఉంది, సంచివేమో.

రంగులపెట్టె

చూసినారా, కోస్తే ముందు పోయేది ఆ సంతకమే. మదరాసు అంటే నాకు ఇంకా ఆసక్తి పెరిగింది. అక్కడి ఆర్ట్స్ స్కూలు 1850లో మొదలుపెట్టిన అలెగ్జాండర్ హంటర్ సర్జనే. డాక్టరు పెట్టిన బడి. 1929 నుంచి 1957 దాకా దాన్ని నడిపిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి శిల్పి, పోర్ట్రెయిట్లలోనూ గట్టివాడు. మీ చిత్రకారుడు అక్కడ చదివినవాడో, సినిమా బ్యానర్ల పనిలో చెయ్యి తిరిగినవాడో చెప్పలేం. కానీ ముందు చేతులు గీసుకున్నాడు, వంకర వేలు వంకరగా వేసినాడు అంటే మనిషిని చూసి వేసినాడు. ఫోటో పెట్టుకుని గళ్ళు గీసి పెద్దది చేసిన పని కాదు.

మొత్తం మళ్ళీ గీయించే మాటకు నా జవాబు కూడా ఇదే. నన్నే అడిగితే నేనే గీసి ఇవ్వగలను, డబ్బు కూడా వస్తుంది. కానీ నేను మీ తాతగారిని చూడలేదు. ఆయన్ను చూసి వేసినవాడి రంగు మీద నా రంగు పూయడం నాకు చేతకాదు.

గండికోట దారి (కడప)

డాక్టరు గారి పటంలో మందుల సంచి అని చదివినాక రాయకుండా ఉండలేకపోయినా.

మీ తాత కాదు, మా పక్క పల్లెలు తిరిగిన ఇంకొక డాక్టరు. మా నాయన చిన్నప్పుడు మా వైపు దిగుడు బావులే. ఆ నీళ్ళే తాగేది, అందులోనే కాళ్ళు పెట్టేది. నారి కురుపు లేని ఇల్లు లేదు. ఈ కాలం పిల్లలకు తెలియదు. తాగిన నీళ్ళలోంచి లోపలికి పోయిన పురుగు ఏడాదికి కాలి దగ్గర బొబ్బ లేపి బయటికి వస్తాది. దారం మాదిరి ఉంటాది, మూడడుగుల పొడుగు కూడా ఉంటాది. ఒక్కసారిగా లాగితే తెగి లోపల చీము పడుతుంది. పుల్లకు చుట్టుకుంటా రోజుకు రొంత రొంత తీయాల. మా నాయన కాలు ఒళ్ళో పెట్టుకుని ఆ డాక్టరు అట్లా తీసినాడంట, నేల మీద కూర్చుని. పొలం పనులకు మనుషులు లేక పంట పోయేదంట, ఇంట్లో అందరూ కాళ్ళు పట్టుకుని పడుకునేవాళ్ళు కదా.

బావులకు మెట్లు మూసి గిలకలు పెట్టి, నీళ్ళు గుడ్డతో వడగట్టుకోమని ఇల్లిల్లూ తిరిగి చెప్పి, చివరికి 2000లో దేశంలో ఈ జబ్బు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అట్లా తిరిగినవాళ్ళకు ఎవరు పటం గీయించినారు? ఎవురూ లేదు. మా నాయన ఆ డాక్టరు పేరు కూడా మర్చిపోయి పోయినాడు. మీ ఊరోళ్ళు చందాలేసుకుని గీయించినారు, కాలి పక్కన సంచి కూడా పెట్టించినారు. మీ చిన్నాయనకు ఈ మాట చెప్పమ్మా. ఆ సంచి వాళ్ళు కావాలని పెట్టించుకున్నది. వాళ్ళ ఊళ్ళకు వచ్చింది ఆ సంచే.

ఫ్రేముల వీధి

కడప పెద్దాయన రాసింది చదివి కాసేపు ఊరకుండిపోయినా. సరే. కోయొద్దు. కానీ ఒక అనుమానం అడగాలి, పరిరక్షణ సారు చెప్పాల. సంచి సగం పోయింది అన్నారు. పోయిన సగం ఎవరు వేస్తారు? వేస్తే అది కూడా కొత్త గీతే కదా? మళ్ళీ గీయించడం తప్పైతే ఇదెట్లా ఒప్పవుతుంది?

పూతల పరిరక్షణ

చాలా సరైన ప్రశ్న, మా వృత్తిలో వాళ్ళు కూడా దీని మీదే వాదించుకుంటారు.

తేడా ఇది. పాత రంగు ఎంత చిన్న ముక్క మిగిలినా దాని మీద మా కుంచె పడదు. పూర్తిగా పోయి గుడ్డ బయటపడిన చోట మాత్రమే తెల్ల పూత నింపి, దాని మీద రంగు వేస్తాం. ఆ రంగు కూడా రేపు ఎవరైనా వద్దనుకుంటే అసలు రంగు చెదరకుండా తుడిచేయగలిగేది అయి ఉండాలి. దగ్గరికి వెళ్ళి చూస్తే ఇది తర్వాత వేసినదని తెలిసేట్టు సన్న సన్న నిలువు గీతలతో నింపే పద్ధతి రోములో పుట్టింది. దూరం నుంచి చూస్తే కలిసిపోతుంది.

1966 నవంబరు 4న ఇటలీలో ఫ్లారెన్సు నగరాన్ని ఆర్నో నది ముంచింది. మన 2009 మాదిరే, బురదతో, ఇళ్ళలోని నూనె ట్యాంకుల్లోంచి కారిన నూనెతో. చిమాబూయే అనే పాతకాలం చిత్రకారుడు వేసిన పెద్ద శిలువ బొమ్మ రంగు సగానికి పైగా రాలిపోయింది. బాగు చేసినవాళ్ళు పోయిన చోట బొమ్మను ఊహించి వేయలేదు. చుట్టుపక్కల రంగుల గీతల్ని అల్లి వదిలేసినారు. పోయింది పోయినట్టే తెలుస్తుంది, కంటికి మాత్రం గుచ్చుకోదు. అదే వరదలో వసారి అనే ఇంకో చిత్రకారుడు వేసిన చివరి విందు, అయిదు చెక్కల మీద వేసిన పెద్ద చిత్రం, పన్నెండు గంటలకు పైగా నీళ్ళలో ఉంది. దాన్ని బాగు చేయడం అప్పట్లో ఎవరికీ చేతకాలేదు. కాగితాలు అంటించి, రంగు రాలకుండా పట్టి ఉంచి, గోదాములో పెట్టినారు. పద్ధతులు పెరిగినాక 2016 నవంబరు 4న, సరిగ్గా 50 ఏళ్ళకు, మళ్ళీ గోడ ఎక్కింది. కాబట్టి ఫ్రేముల వీధి గారూ, మూసిపెట్టిన పటాలన్నీ చచ్చిపోయినట్టు కాదు. కోసిన పటానికి మాత్రం తర్వాత ఏ పద్ధతి వచ్చినా లాభం లేదు.

కోసినదానికి ఉదాహరణ కూడా ఉంది. హాలండు చిత్రకారుడు రెంబ్రాంట్ వేసిన నైట్ వాచ్ అనే పెద్ద పటం. 1715లో ఆమ్‌స్టర్‌డామ్ టౌన్‌హాలు గోడకు పట్టలేదని నాలుగు వైపులా కోసినారు. కోసిన ముక్కలు ఇప్పటిదాకా దొరకలేదు. ఒకాయన అంతకు ముందే చిన్న నకలు వేసి ఉంచబట్టి, 2021లో దాన్ని చూసి కంప్యూటరుతో ఆ అంచులు తయారు చేసి కొన్నాళ్ళు పక్కన తగిలించి చూపించినారు. గోడకు సరిపోలేదన్న కారణంతో జరిగిన పని అది. మీ చిన్నాన్న గారు చెప్పే కారణమూ అదే.

మనవరాలు గారూ, ఇందులో మీరు చేయాల్సిన పని ఒకటి ఉంది. వరదకు ముందు ఆ హాల్లో తీసిన ఫోటోలు వెతకండి. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, ఏవైనా. వెనకాల గోడ మీద పటం పడి ఉంటే చాలు.

పాత హౌస్‌సర్జన్

పాత ఫోటో ఎంత పని చేస్తుందో గ్రాస్ పటమే చెప్తుంది. 1920ల్లో ఎవరో శుభ్రం చేస్తామని ఈకిన్స్ వేసిన చీకటి పూతలు కొన్ని తీసేసినారు. వెనక నీడలో ఉండాల్సిన మనుషులు వెలుగులోకి వచ్చి, గ్రాస్ ముఖం మీద చూపు నిలవకుండా పోయింది. 2010లో దాన్ని సరిచేసేటప్పుడు పాత ఫోటో ఒకటి, ఈకిన్స్ తానే సిరాతో వేసుకున్న ప్రతి ఒకటి ముందు పెట్టుకుని, ఎక్కడ ఎంత చీకటి ఉండేదో తేల్చుకున్నారు. వార్నిష్ తీసేవాళ్ళకు ఈ సంగతి గుర్తుండాలి. పచ్చదనం పోవాలి కానీ చిత్రకారుడు కావాలని పెట్టిన నీడ పోకూడదు.

ఆ పటాన్ని 1878లో, గ్రాస్ పాఠాలు చెప్పిన వైద్య కాలేజీ పాత విద్యార్థులు 200 డాలర్లకు కొని కాలేజీకి ఇచ్చినారు. 2006లో 6 కోట్ల 80 లక్షల డాలర్లకు బయటి ఊరికి అమ్మబోతే ఫిలడెల్ఫియా జనం డబ్బు పోగేసి ఊరు దాటనీయలేదు. మీ పటం కూడా చందాలతోనే పుట్టింది. ఖర్చు భారమైతే చెప్పండి, మా బ్యాచ్ వాళ్ళను అడుగుతాను. ఊరి డాక్టరు కోసం వాళ్ళు కాదనరు.

కర్నూలు మనవరాలు

దొరికింది. నంద్యాలలో మా చిన్న మేనత్త ఇంట్లో, 1983 నాటి పెళ్ళి ఆల్బమ్‌లో. పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టి తీసిన ఫోటో. వెనక గోడ మీద తాత పటం పాదాల దాకా ఉంది. నలుపు తెలుపే. కానీ సంచి మొత్తం కనిపిస్తుంది, మూతకు రెండు బకిల్సు, ఒకటి ఊడి వేలాడుతుంది. తాత కాళ్ళకు మామూలు తోలు చెప్పులు. ఈ ఫోటో చూసి మా అత్త, ఆ బకిలు ఎప్పుడూ ఊడే ఉండేది, కుట్టించుకోమంటే టైము లేదనేవాడు అని చెప్పింది.

నిన్న రాత్రి ఇంట్లో అందరం కూర్చున్నాం. చిన్నాన్నకు మీ మాటలన్నీ చదివి వినిపించినాను. దిగుడు బావుల సంగతి దగ్గర ఆపమన్నారు. ఆయన చిన్నప్పుడు తాత వెంట జట్కాలో పోయేవారట, ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని. ఇప్పుడు కోసే మాట లేదు. మళ్ళీ గీయించే మాట కూడా లేదు. ఖర్చు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు పంచుకుంటామన్నారు. డాక్టరు గారూ, మీ మాటకు మా అత్త చేతులెత్తి దండం పెట్టింది, అవసరమైతే తప్పకుండా అడుగుతాం.

బాగు చేయించినాక ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు. చిన్నాన్న ఇంట్లో మెట్ల పక్కన పొడుగాటి గోడ ఉంది. వైద్య కళాశాలకు ఇద్దామని మా తమ్ముడు అంటున్నాడు. ఇప్పుడు తెలియాల్సింది, ఎక్కడికి తీసుకుపోవాలి, ఎట్లా తీసుకుపోవాలి?

పూతల పరిరక్షణ

ఆ ఫోటోను మంచి స్కానర్ మీద పెద్ద సైజులో స్కాన్ చేయించి, ఒరిజినల్ కూడా పటంతో పాటు పంపండి.

మీరు బెంగుళూరులో అడగొచ్చు. అక్కడ ఇంటాక్ అని, పాత కట్టడాలను, కళను కాపాడే సంస్థ వాళ్ళకు పరిరక్షణ కేంద్రం ఉంది. ఇళ్ళలోని పటాలు కూడా చూస్తారు. ముందు ఫోటోలు పంపి, రాతపూర్వకంగా ఏమేం చేస్తారో, ఎంత అవుతుందో అడగండి. ఏ పొర తీస్తారు, ఏ జిగురు వాడతారు, పని ముందు, మధ్యలో, తర్వాత ఫోటోలు ఇస్తారా అన్నవి అడగాలి. నేరుగా రంగు వేసేస్తామని ఎవరైనా అంటే అక్కడ ఇవ్వొద్దు. మొదట చేయాల్సింది లేచిన రంగును సన్నటి జపాను కాగితం, పల్చటి జిగురుతో పట్టి ఉంచడం. తర్వాత మెల్లగా తేమ ఇచ్చి గుడ్డను చదును చేయాలి. రంగు వేయడం చిట్టచివరి పని.

తీసుకుపోయేటప్పుడు చుట్టొద్దు. ఎంత లావు గొట్టానికి చుట్టినా ఈ స్థితిలో రంగు ఊడిపోతుంది. చట్రం మీద నుంచి విప్పొద్దు కూడా. రంగు వైపు పైకి ఉండేట్టు బల్లపరుపుగా పడుకోబెట్టి తీసుకుపోవాలి, రంగుకు ఏదీ తగలకూడదు. వేసవిలో మధ్యాహ్నం బండి ఎక్కించొద్దు.

మెట్ల పక్క గోడ సంగతి: బయటి వైపు గోడ అయితే వద్దు, వానకు చెమ్మ ఎక్కుతుంది. లోపలి గోడ అయితే పటానికీ గోడకూ మధ్య గాలి ఆడేట్టు వెనక చిన్న చెక్కలు పెట్టాలి. కాలేజీకి ఇచ్చే పక్షంలో ఎక్కడ పెడతారో, ఎవరు చూసుకుంటారో కాగితం మీద రాయించుకుని ఇవ్వండి.

గండికోట దారి

ఆ ఊడిన బకిలు ఊడినట్టే వేయమని చెప్పండమ్మా.

ఫ్రేముల వీధి

మేడమ్, పెట్టె నేను చేసి ఇస్తా. పటం కంటే చుట్టూ నాలుగేసి అంగుళాలు ఎక్కువ, ఎనిమిది అంగుళాల లోతు, అడుగున పన్నెండు ఎంఎం ప్లైవుడ్, దాని మీద మెత్తటి ఫోము. చట్రం అంచులు నాలుగు మూలలా బిగిస్తా, రంగు వైపు ఏదీ తగలదు. పైన మూత స్క్రూలతో, మేకులు కొట్టను, దెబ్బకు పెచ్చులు రాలతాయి. టాటా ఏస్‌లో ఇంత పెద్ద పెట్టె పట్టడం కష్టం, బొలెరో పికప్ మాట్లాడండి. తెల్లవారుజామున మూడింటికి కర్నూల్లో బయలుదేరితే ఎండ ముదరకముందే బెంగుళూరు చేరుతారు. చట్రం బయటి అంచు నుంచి బయటి అంచుకు టేపు పెట్టి కొలిచి, మందం కూడా కొలిచి ఇక్కడే రాయండి. ఫ్రేము ఉంటే ఫ్రేముతో కలిపి ఒక కొలత, లేకుండా ఒక కొలత.